పేరు ఊపిరిది, పని గుండెది

తెలంగాణలో పోలీసు కొలువులకు ప్రకటన వెలువడిన సంవత్సరములందు, మొగుళ్లపల్లి నుండి పరకాలకు పోవు దారిపై తెల్లవారకమునుపే పత్తిచేల నడుమ గుంపులుగా పరుగెత్తు యువకులు కనబడుట ప్రయాణికులకు క్రొత్త గాదు. 2022 నాటి నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకన్లలోను ముగింపవలెనను నియమముండుటచే, ఆ దూరములు పల్లెలలో చదువురాని పెద్దలకు సైతము కంఠస్థములైనవి. పరుగు ముగిసి మోకాళ్లపై చేతులానించి రొప్పుచున్న పిల్లవానిని జూచి, ముందు వచ్చినవాడైనచో వాని ఊపిరి గట్టిదనియు, వెనుకబడినవాడైనచో వాని ఊపిరి చాలదనియు ఊరివారు తీర్పు చెప్పుదురు. ఆయాసము నోటను, రొమ్మునను, అందరి కంటికిని కానవచ్చునదగుటచే ఈ తీర్పు సహజమే. అయినను శరీరధర్మశాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా సాగించిన పరిశోధనలు ఈ తీర్పును చాలవరకు త్రోసిపుచ్చినవి. ఆరోగ్యవంతుడైన మనుష్యుడు సమతలభూమిపై పరుగెత్తునప్పుడు మొదట చేతులెత్తునది ఊపిరితిత్తి గాదు. దాని ప్రక్కన, ఎముకల గూటిలో, ఎవరికిని కనబడక పనిచేయుచున్న గుండె.

ఊపిరితిత్తుల విషయమున ప్రకృతి మిక్కిలి ధారాళముగా ప్రవర్తించినది. ముప్పది కోట్లకు తక్కువగాని వాయుగోణులను రెండు తిత్తులలో నింపి, వాని గోడలనన్నిటిని విప్పి పరచినచో సుమారు 70 చదరపు మీటర్ల నేలను కప్పునంతటి వైశాల్యమును మనకు ప్రసాదించినది. గాలికిని నెత్తురునకును నడుమనున్న పొర మందము మిల్లీమీటరులో వేయవ వంతునకు లోపలనే యుండును. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు నిమిషమునకు ఆరేడు లీటర్ల గాలి చాలును. ఉత్తమశ్రేణి క్రీడాకారుడు పూర్ణవేగముతో పరుగెత్తునప్పుడు 150 లీటర్లను మించి పీల్చి విడువగలడు. ఎర్ర రక్తకణమొకటి వాయుగోణి గోడ వెంట సాగిపోవు కాలము విశ్రాంతిలో ముప్పాతిక సెకను. ఆమ్లజనితో, అనగా ఆక్సిజన్‌తో, నిండుటకు దానికి నిజముగా కావలసినది పావు సెకను మాత్రమే. ఈ మిగులు సామర్థ్యమే కారణముగా, సంవత్సరముల తరబడి సాధన చేసినను ఊపిరితిత్తుల పరిమాణము గాని నిర్మాణము గాని పెద్దగా మారదు. బాల్యమునుండి నీటితో పోరాడు ఈతగాండ్ర తిత్తులు కొంత పెద్దవిగా నుండుటయే ఇందుకు చెప్పుకొనదగిన మినహాయింపు. ఊపిరిని సాగించు విభాజక పటలము, పక్కటెముకల కండరములు సాధనచే బలపడునను మాట నిజమే. తిత్తి మాత్రము పుట్టినప్పటి వారసత్వమును ఎదిగిన మేరకు కాపాడుకొనునే గాని ఆస్తిని పెంచుకొనదు.

గుండె కథ వేరు. సామాన్యునికి విశ్రాంతిలో గుండె ఒక్కొక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తురును చిమ్ముచు, నిమిషమునకు 70 పర్యాయములు కొట్టుకొని, ఇంచుమించు 5 లీటర్లను శరీరమునకు పంపును. దీర్ఘదూర ధావకుని దేహమునకు విశ్రాంతిలో కావలసినదియు ఆ 5 లీటర్లే. కాని అతని గుండె ఒక్కొక్క మారు 110 మిల్లీలీటర్లకు పైబడి చిమ్మగలదు గనుక 45 స్పందనలతో ఆ పని తీరిపోవును. ఇరువురును సర్వశక్తులొడ్డి పరుగెత్తినప్పుడు భేదము బయటపడును. అత్యధిక స్పందనవేగము సాధనచే పెరుగదు. అది వయస్సుతో తగ్గునదే గాని అభ్యాసమునకు లొంగునది కాదు. ఇరువది యేండ్ల పడుచువాడు సాధకుడైనను సోమరియైనను నిమిషమునకు 190 లేక 200 వద్ద ఆగవలసినదే. కావున నూరు మిల్లీలీటర్ల చొప్పున చిమ్ము సామాన్యునికి నిమిషమునకు 20 లీటర్లు దక్కగా, దాదాపు రెండువందల చొప్పున చిమ్ము మేటి క్రీడాకారునికి 35 లీటర్లకు పైబడి దక్కును. బోరుబావులు రాకముందు మన ప్రాంతమున మోట తోలిన రైతులకు ఈ లెక్క ఎవరును నేర్పనక్కరలేదు: ఎద్దుల నడకవేగమునకు హద్దున్నది గనుక పొలము తడియుట బొక్కెన పరిమాణమును బట్టియే యుండెడిది.

ఈ బొక్కెన పెద్దదగునను సంగతిని మొదట కనిపెట్టినది స్వీడను దేశీయుడగు హెన్షెన్ అను వైద్యుడు. 1899లో ఆయన మంచుపై దూరపు పందెములలో పాల్గొను క్రీడాకారుల రొమ్ములపై వేళ్లతో తట్టి, ఆ ధ్వనిభేదమును బట్టి గుండె సరిహద్దులను గుర్తించి, వారి గుండెలు సామాన్యుల గుండెలకంటె పెద్దవని ప్రకటించెను. ఎక్స్-రే పరికరము అప్పటికింకను పసికందు. ప్రతిధ్వనులతో గుండెను చిత్రించు ఎకో పరీక్ష పుట్టుటకు మరి యేబది యేండ్లకు పైగా పట్టినది. వేళ్ల కొసలు చెప్పిన దానిని తరువాతి యంత్రములన్నియు ధ్రువీకరించినవి. వైద్యలోకము మాత్రము చాలకాలము ఆ పెద్ద గుండెను వ్యాధిగా శంకించినది. ఆ శంక నేటికిని పూర్తిగా తీరలేదు; ఎందుకు తీరలేదో ముందు చెప్పబోవుచున్నాను.

మొగుళ్లపల్లి వారు గుండెబలమునకు ఉదాహరణను వెదకుచు విదేశములకు పోనవసరము లేదు. పరకాల దాటి హనుమకొండ చేరినచో అచ్చటి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియములో సింథటిక్ ట్రాకు కలదు. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అచ్చటనే జరిగినవి. ఆ నెల 16వ తేదీన పంజాబు యువతి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషముల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 బుసాన్ ఆసియా క్రీడలలో సునీతారాణి నెలకొల్పిన 4 నిమిషముల 6.03 సెకన్ల జాతీయ రికార్డును పందొమ్మిదేండ్ల తరువాత తుడిచివైచెను. ఆ దూరము మన పోలీసు అభ్యర్థుల 1600 మీటర్లకు నూరు మీటర్లే తక్కువ. ఇంతటి పరుగునకు కావలసిన శక్తిలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆమ్లజని ద్వారానే లభించును. అనగా, గుండె కండరములకు ఎంత నెత్తురునందించినదో కాళ్లు అంత పరుగెత్తినవన్నమాట. చూచినవారు కాళ్ల లాఘవమునకు చప్పట్లు కొట్టి యుందురు. అందు తప్పు లేదు, కాళ్లే గదా కనబడునవి.

హనుమకొండకు దక్షిణముగా, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడలో పుట్టిన జీవన్‌జి దీప్తి పరుగు మరియొక తరగతికి చెందినది. బుద్ధివికాస పరిమితి గలవారికి నిర్దేశించిన టి-20 వర్గములో ఆమె 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సాధించెను; అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకన్లతో కాంస్యపతకము గెలుచుకొనెను. ఆమెను గుర్తించి హైదరాబాదులో తీర్చిదిద్దిన శిక్షకుడు నాగపురి రమేశ్. నాలుగువందల మీటర్లు పరుగెత్తువారి కష్టము విచిత్రమైనది. గుండె, ఊపిరి తమ పూర్ణసామర్థ్యమునకు చేరుకొనుటకే నిమిషము, నిమిషమున్నర కావలెను. పందెము అంతలోపలనే ముగిసిపోవును. కావున మొదటి సెకన్లలో కండరములందు దాచియున్న ఫాస్ఫేటు శక్తియు, పిమ్మట ఆమ్లజని లేకయే గ్లూకోజును విరుచు మార్గమును ఆదుకొనవలెను. ఆ మార్గమున లాక్టేటు, దానితోపాటు ఆమ్లత్వము పేరుకొని చివరి ఎనుబది మీటర్లలో తొడలు ఇనుమువలె బిగుసుకొనును. ఇంతటి పొట్టి పందెమందును శక్తిలో నూటికి నలుబది వంతులకు పైగా ఆమ్లజని మార్గముననే వచ్చునని కొలతలు తేల్చినవి. పందెము ముగిసిన తరువాత నిమిషముల తరబడి సాగు రొప్పు, ఆమ్లజని లేకయే వాడుకొన్న శక్తి యప్పును తీర్చుకొనుటయే. చూపరి ఆ రొప్పును బలహీనతగా భావించును. ధావకురాలికి అది జమాఖర్చు.

దూరపు పరుగు గుండెను ఒక తీరున మార్చగా, బరువులెత్తుట మరియొక తీరున మార్చును. 1975లో మోర్గన్‌రాత్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఎకో పరీక్షతో ఈ భేదమును చూపిరి: పరుగువీరులు, ఈతగాండ్రు మొదలైనవారిలో నెత్తురును శరీరమునకు నెట్టు గదియైన ఎడమ జఠరిక కుహరము విశాలమగును; మల్లులలోను, ఇనుపగుండు విసరువారిలోను గోడ దళసరియగును. తరువాతి పరిశోధకులు ఈ విభజన అంత కచ్చితమైనది కాదనిరి. పడవ తెడ్లు వేయువారిలో రెండును కలిసియే కనబడును. అయినను మూలసూత్రము నిలిచియున్నది. ఆంధ్రదేశమున దీనికి కోడి రామమూర్తినాయుడుగారి కంటె తగిన నిదర్శనము దొరకదు. వీరఘట్టమున 1882లో జన్మించి, విజయనగరమున పెరిగి, 1942లో కీర్తిశేషుడైన ఆ మహాబలుడు రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, ఊపిరి బిగబట్టి రొమ్మునకు చుట్టిన ఇనుప గొలుసును త్రెంచుట తాతలు మనుమలకు చెప్పుకొను కథలైనవి. ఆయన ప్రాణాయామమును సాధన చేసినవాడగుటచే జనులు ఆ బలమును ఊపిరికే అంకితమిచ్చిరి. ఊపిరి బిగబట్టుటచే రొమ్ములోని ఒత్తిడి హెచ్చి వెన్నెముకకు ఆధారము కలుగుననుట వాస్తవమే. కాని ఆ క్షణమున రక్తపోటు ఎంతటి ఎత్తునకు పోవునో పాఠకులు ఊహింపలేరు. ధమనిలోనికి సన్నని నాళమును చొప్పించి బరువులెత్తువారిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు 1985లో సగటున 320కి 250 మిల్లీమీటర్ల రక్తపోటును గమనించిరి. మన వైద్యులు 140ని జూచి మందు వ్రాయుదురు! ఆ పోటునెదిరించి నెత్తురును నెట్టవలసిన జఠరిక గోడ క్రమక్రమముగా దళసరి కాక మరేమగును?

మన పల్లెల చెడుగుడును ఇక్కడనే ముచ్చటింపవచ్చును. కూత విడువకుండ అవతలి బరిలో ముప్పది సెకన్లు తిరుగు ఆటగాని శరీరమున ఆమ్లజని కొరత అంతగా ఏర్పడదు. ఊపిరి పీల్చుకొమ్మని మెడవెనుక మెదడుకాండము తొందరపెట్టుట నెత్తురులో బొగ్గుపులుసు వాయువు పెరుగుటచేతనే. మంచి కూతగాడు ఆ తొందరను ఓర్చుకొనుట నేర్చినవాడు. అది మనోధర్మమునకు సమీపమైన విద్య. తిత్తుల పరిమాణముతో దానికి సంబంధము స్వల్పము.

గుండె ఎంత పెద్దదైనను అది పంపు నెత్తురు పలుచనిదైనచో ఏమి ప్రయోజనము? ఈ సంగతిని విదేశీ గ్రంథములు రెండు వాక్యములలో ముగించును. మన జిల్లాలకు మాత్రము ఇదియే ముఖ్యాంశమని నా అభిప్రాయము. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆమ్లజనిని మోయును. నూరు మిల్లీలీటర్ల నెత్తురులో 15 గ్రాములున్న క్రీడాకారునికి 20 మిల్లీలీటర్ల ఆమ్లజని దక్కగా, 10 గ్రాములే ఉన్న బాలికకు 13 మిల్లీలీటర్లకు కొంచెము పైగా దక్కును. అనగా ఆమె గుండె అతని గుండెకు సరిసమానమైనదైనను మూడవ వంతు పందెమును బయలుదేరకముందే ఓడిపోయినదన్నమాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు మించి రక్తహీనులని లెక్కతేల్చినది. పాఠశాల మైదానమున నాలుగవ చుట్టునందు కూలబడిన బాలికకు ఊపిరి చాలదని వ్యాయామోపాధ్యాయుడు తేల్చివేయుటకు మునుపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఒక రక్తపరీక్ష చేయించినచో, ఇనుపధాతువు మాత్రలతో బాగుపడవలసిన ఎందరివో పరుగులు నిలువగలవు. ఎండలు ముదిరిన కొలది చిక్కు మరింత పెరుగును. మే నెలలో మన ప్రాంతమున సాధన చేయువారికి చర్మమును చల్లబరచుటకై నెత్తురులో ఒక భాగము పైపొరలకు మరలును. చెమటచే నెత్తురులోని నీరు తగ్గును. చిమ్ము పరిమాణము పడిపోగా, అదే వేగమునకు నాడి నిమిషమునకు పదిపదునైదు స్పందనలు ఎక్కువగా పరుగెత్తవలసివచ్చును. తెల్లవారుజామును ఎన్నుకొన్న మన యువకులు శాస్త్రము చదువకయే సరియైన పని చేయుచున్నారు.

ఊపిరితిత్తులు ఎన్నడును అడ్డుపడవా యన్నచో, పడును. మూడు సందర్భములలో ముఖ్యముగా పడును. మొదటిది ఆశ్చర్యకరము. గుండె అత్యద్భుతముగా పెరిగిన కొందరు మేటి ధావకులలో నెత్తురు ఎంత వేగముగా తిత్తులగుండ దూసుకొనిపోవుననగా, రక్తకణమునకు ఆ పావు సెకనైనను మిగులదు. అది అరకొరగా నిండియే వెళ్లిపోవును. 1984లో డెంప్సీ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ధావకులలో ఈ స్థితిని వర్ణించిరి. పెరుగని తిత్తి పెరిగిన గుండెకు హద్దు గీయునది ఈ కొద్దిమందికి మాత్రమే.

రెండవది ఎత్తు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, తెలంగాణ రాష్ట్రమవతరించుటకు ఎనిమిది దినముల ముందు, పదునాలుగేండ్లు నిండకయే ఖమ్మము జిల్లావాడైన ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరమునెక్కెను. భువనగిరి గుట్టపై రాళ్లెక్కుట నేర్చిన బాలిక చేరుకొన్న ఆ శిఖరమున వాయుపీడనము ఎంతయో 1981లో ఒక వైద్యపరిశోధక బృందము కొలిచినది: 253 మిల్లీమీటర్లు. సముద్రతీరమున అది 760. గాలిలో ఆమ్లజని వంతు మారలేదు. దానిని పొరగుండ నెత్తురులోనికి త్రోయు ఒత్తిడి మూడవ వంతునకు పడిపోయినది. అంతటి ఎత్తున ఎంతటి గుండెయైనను ఊపిరికి లోబడవలసినదే.

మూడవది గాలి మాలిన్యము. ఒలింపిక్ క్రీడాకారులలో అత్యధికముగా కనబడు దీర్ఘవ్యాధి ఉబ్బసమని తెలిసినప్పుడు నాకు మొదట నమ్మశక్యము కాలేదు. చల్లని పొడిగాలిని నిమిషమునకు నూటయేబది లీటర్ల చొప్పున పీల్చు మంచుక్రీడాకారులకును, క్లోరిన్ వాసనతో నిండిన కొలనులలో గంటలకొలది ఈదువారికిని శ్వాసనాళములు ముడుచుకొని పిల్లికూతలు వచ్చును. మనకు మంచు లేదు. వరికొయ్యల పొగయు, బొగ్గు లారీలు రేపు దుమ్మును కలవు. నడచువాడు పీల్చు దుమ్మునకు ఎన్నియో రెట్ల దుమ్మును పరుగెత్తువాడు పీల్చునని గుర్తుంచుకొని పెద్దదారి విడిచి డొంకదారి పట్టుట మంచిది. పొగాకు మాట వేరుగా చెప్పవలెనా? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగవ స్థానమున నిలిపి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము తెప్పించిన హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మరుసటి యేడే ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించెను.

ఇక గుండెను గూర్చిన పాత శంక. సాధనచే గోడ దళసరియైన గుండెకును, పుట్టుకతో వచ్చిన కండరవ్యాధిచే గోడ దళసరియైన గుండెకును తెరపై రూపభేదము కొన్ని వేళల అత్యల్పము. సామాన్యముగా గోడ మందము 11, 12 మిల్లీమీటర్లకు మించదు. ఇటలీలో 947 మంది జాతీయస్థాయి క్రీడాకారులను పరీక్షించి 1991లో ప్రకటించిన ఫలితములలో 13 మిల్లీమీటర్లను గాని అంతకు మించిన మందమును గాని చూపినవారు 16 మందియే. 13 నుండి 15 వరకు గల ఆ యెడ వైద్యునికి నిద్రపట్టనీయనిది. వ్యాధిగ్రస్తమైన గుండె సంవత్సరముల తరబడి ఏ లక్షణమును చూపక, ఒకనాడు మైదానము నడుమ లయ తప్పి ఆగిపోవును. 2003 జూన్ 26న ఫ్రాన్సులో ఆట మధ్యన కుప్పకూలి మరణించిన కామెరూన్ ఫుట్‌బాలు వీరుడు మార్క్ వివియన్ ఫోయె గుండెకు ఉన్నది ఇట్టి వ్యాధియే. ఇటలీ ప్రభుత్వము 1982 నుండి పోటీక్రీడాకారులందరికిని ఇ.సి.జి.తో కూడిన పరీక్షను నిర్బంధము చేసినది. వెనెటో ప్రాంతమున 1979 నుండి 2004 వరకు లెక్కించిన క్రీడాకారుల హఠాన్మరణముల సంఖ్య లక్షమందికి ఏటికి 3.6 నుండి 0.4కు దిగినదని అచ్చటి వైద్యులు వ్రాసిరి. ఇతర దేశములవారు ఆ తగ్గుదలనంతటిని పరీక్షకే అంటగట్టుటను అంగీకరింపలేదు. ఆరోగ్యవంతులను అనవసరముగా ఆటనుండి తొలగించు ప్రమాదమును వారు ఎత్తిచూపిరి. ఈ వాదమింకను నడచుచునే యున్నది. వాదమునకు అతీతమైన సంగతులు రెండు. పరుగు మధ్యన స్పృహ తప్పిపడినవాడు, రొమ్మున నొప్పి వచ్చినవాడు, యేబదియేండ్లలోపల హఠాత్తుగా మరణించిన రక్తబంధువు గలవాడు వైద్యుని చూడక మరల పరుగెత్తరాదు. మైదానమున ఎవడైన పడి పలుకకున్నచో చుట్టునున్నవారు నీళ్లు చల్లుచు కాలము గడుపక, రొమ్ము నడుమ రెండు చేతులుంచి ఐదు సెంటీమీటర్ల లోతున, నిమిషమునకు 100 నుండి 120 పర్యాయముల వంతున నొక్కుచు, మరియొకరిచే అంబులెన్సుకు 108కి కబురంపవలెను.

అనుమానము తీరని చోట వైద్యులు ఒక విచిత్రమైన పరీక్షను విధింతురు: మూడు నెలలు సాధన మానుమందురు. సాధనచే దళసరియైన గోడ ఆ కాలములో మరల పలుచబడును. వ్యాధిచే దళసరియైనది అట్లే యుండును. శాస్త్రరీత్యా ఇంతకంటె సుగమమైన ఉపాయము లేదు. కాని కొలువు పరీక్షకు మూడు నెలలే గడువున్న మొగుళ్లపల్లి యువకునికి గాని, జాతీయ శిబిరమునకు ఎంపికైన బాలికకు గాని ఆ మాట చెప్పవలసిన వైద్యుని స్థితి తలచుకొన్నచో, ఎకో తెరపై మిల్లీమీటర్లు లెక్కించుట సులభమైన భాగమేనని తోచును.

కొన్ని వేళల తీర్పు చెప్పునది వైద్యుడును కాదు, చట్టము. డెన్మార్కు ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ గుండె 2021 జూన్ 12న కోపెన్‌హేగెన్ మైదానమున ఆగిపోగా, పచ్చికపైననే రొమ్ము నొక్కి, విద్యుదాఘాతమిచ్చి అతనిని బ్రతికించిరి. లయ తప్పినచో సరిదిద్దు చిన్న యంత్రమును రొమ్ములో అమర్చిరి. ఇటలీ నియమములు అట్టి యంత్రము గలవానిని ఆడనీయవు గనుక మిలాన్‌లోని ఇంటర్ క్లబ్బు ఆ డిసెంబరులో అతనితో ఒప్పందమును రద్దు చేసికొనెను. ఇంగ్లండులో అట్టి నిషేధము లేదు. మరుసటి జనవరిలో బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బు అతనిని చేర్చుకొనెను, ఆ యేడు చివర ఖతారులో అతడు ప్రపంచకప్పు ఆడెను.